ఆఫ్ చేసి ఆన్ చేసే డాక్టరు

మా ఆఫీసు విజయవాడ గవర్నరుపేటలో, ఒక పాత మేడ మీద. పని ఆడిటింగు. పదకొండు మందిమి, తొమ్మిది కంప్యూటర్లు, ఒక ప్రింటరు. వీటన్నిటికీ కలిపి ఒకే ఒక్క డాక్టరు. ఆయన జీతం పుచ్చుకునేది సీనియర్ అకౌంటెంటుగా. చదివింది బీకాం. టైపింగ్ హయ్యర్ ఫస్ట్ క్లాసులో ప్యాసయ్యానని ఇప్పటికీ చెప్పుకుంటారు. కంప్యూటర్ గురించి ఎక్కడా ఏమీ నేర్చుకోలేదు. అందుకే అంత ధైర్యం.

పల్లెటూళ్లో ఆర్‌ఎంపీ డాక్టరును ఎరిగినవాళ్లకు మా డాక్టరు గారి గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. జ్వరమైనా నడుంనొప్పైనా ఒక సూది, రెండు బిళ్లలు. పెద్దాసుపత్రిలో మనకింకా టోకెన్ దొరకదు, ఈయన సైకిలేసుకుని ఇంటికే వచ్చి, చెయ్యి పట్టుకుని "ఏం ఫర్లేదు" అంటాడు. సగం జబ్బు ఆ మాటకే దిగిపోతుంది. మాకూ సర్వీసు కాంట్రాక్టు అని ఒకటుంది. ఫోన్ చేస్తే కంప్లయింట్ నంబరు ఇస్తారు. నంబరిస్తే ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం బయటికి రాదు కదా!

డాక్టరు గారు రోగిని పరీక్షించే తీరు చూసి తీరాలి. ముందు మనల్ని కుర్చీలోంచి లేపుతారు. తను మాత్రం కూర్చోరు. సీపీయూ మీద అరచెయ్యి ఆనించి ఒళ్లు వేడి చూస్తారు.

"ఎప్పట్నించి ఇలా ఉంది?"

"పొద్దుట్నించండీ."

"నిన్న ఏమేం తెరిచారు?"

ఈ ప్రశ్నకు మా ఆఫీసులో ఇంతవరకు నిజం చెప్పినవాడు లేడు. నిన్నటి క్రికెట్ స్కోరు, కొందామా వద్దా అని చూసి వదిలేసిన చీర, మరదలి పెళ్లికని వెతికిన సంబంధాలు, అన్నీ పైన ట్యాబుల్లో వరసగా నిక్కి చూస్తూనే ఉంటాయి. ఒకసారి నావి ముప్ఫై ఏడు తేలాయి. డాక్టరు గారు చూస్తారు, చూడనట్టే ఉంటారు. రోగి గుట్టు బయటపెట్టరు. ఆయనంటే మాకున్న గౌరవంలో సగం ఇందుకే.

ఆయన పెట్టెలో ఉన్నవి మూడే మందులు. ఆఫ్ చేసి ఆన్ చెయ్యడం, క్యాష్ తుడిచెయ్యడం, ఆ రెంటికీ లొంగకపోతే ఇన్‌కాగ్నిటో.

ఇందులో రెండోది మాలాంటి ఆఫీసులో కాస్త ప్రమాదకరం. కొత్తగా చేరిన అమ్మాయికి పేజీ తెరుచుకోవడం లేదని వచ్చి, "క్యాష్ క్లియర్ చేశావా అమ్మాయ్?" అన్నారు. ఆడిటర్ గారి దగ్గర ఆ మాటకు ఒకటే అర్థం. పిల్ల మొహం పాలిపోయింది. "నిన్ననే చూశానండీ, పన్నెండు రూపాయలు తేడా వచ్చింది, టీ డబ్బులండీ" అంటూ క్యాష్ బుక్కు పట్టుకొచ్చింది. లోపలి గదిలోంచి ఆడిటర్ గారు, "ఏం పన్నెండు?" అన్నారు.

"ఆ క్యాష్ కాదమ్మా" అని అప్పుడు విడమరిచి చెప్పారు డాక్టరు గారు. "బొమ్మలూ గిమ్మలూ ప్రతిసారీ నెట్లోంచి మోసుకురాలేక బ్రౌజరు ఒకసారి తెచ్చినవి మన దగ్గరే దాచుకుంటుంది. వెబ్‌సైటు వాళ్లు ఇవాళ కొత్తగా వండారనుకో, ఇది మాత్రం నిన్నటి చద్దన్నమే వడ్డిస్తుంది. పులిసింది పారబోస్తే సరి." ఇంజనీరింగ్ చదివిన మా అబ్బాయి కూడా నాకు ఇంత శుభ్రంగా చెప్పలేదు.

కుకీల దగ్గర మాత్రం ఆయనా తడబడ్డారు. సైటు మనల్ని మళ్లీ గుర్తుపట్టడానికి బ్రౌజర్లో వదిలివెళ్లే చిన్న చీటీ అది. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లీ అనే ఇంజనీరు ఆలోచన. "బిస్కెట్ కాదు, అంతవరకు గ్యారంటీ" అని తేల్చారు డాక్టరు గారు. ఇన్‌కాగ్నిటోలో పాత చీటీలేవీ కనపడవు గనక సైటు మనల్ని కొత్త మనిషనుకుంటుంది. పాత గొడవలేవీ తెలియని కొత్తల్లుడికి జరిగే మర్యాదలాంటిది. చాలాసార్లు అదే చాలు.

ఆయనకు మహర్దశ పట్టింది 2018 ఫిబ్రవరిలో. ఐఫోన్లను ఒక తెలుగు అక్షరం పడగొడుతోందని లోకమంతా వార్త. ‘జ్ఞా’ అన్న అక్షరం, లోపల కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి, మెసేజీలో వస్తే చాలు, ఆ యాప్ కుప్పకూలేది. యాపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. మా ఆఫీసులో ఐఫోనున్నది ఆడిటర్ గారికొక్కరికే, దానికేమీ కాలేదు. అయినా డాక్టరు గారు వారం రోజులు బల్ల బల్లకీ తిరిగి చాటింపు వేశారు: "జ్ఞానం, జ్ఞాపకం లాంటివేవీ సార్‌కి పంపకండి." మేమెప్పుడు పంపాం గనక! అంత ఖరీదు ఫోను మన ఒత్తును మొయ్యలేకపోయిందని మాత్రం ఆయనకు లోలోపల బోలెడు సంతోషం.

మొన్న కార్తీకంలో ఆయన కుటుంబంతో శ్రీశైలం ప్రయాణం కట్టారు. వెళ్లింది 20వ తారీఖున. మా వృత్తిలో 20 అంటే జీఎస్టీ 3బీ రిటర్నుకు గడువు. ఆ రోజు ఆఫీసు పెళ్లివారి వంటిల్లులా ఉంటుంది. ఓటీపీ వచ్చే ఫోను క్లయింటు బావమరిది దగ్గరుంటుంది, బావమరిది భోంచేసి పడుకుని ఉంటాడు. సరిగ్గా మూడుంబావుకి తొమ్మిది తెరల మీదా చక్రం తిరగడం మొదలుపెట్టింది.

ఫోన్ కలిసేసరికి ఆయన బస్సు దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కుతోంది.

"ఏం ఫర్లేదు" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. "రౌటరు ఆఫ్ చేసి, ఒక పది..."

అంతే, అడవి మింగేసింది.

రౌటరు ఆఫ్ చేశాం. పది ఏమిటి? సెకన్లే అంది అమ్మాయి. నిమిషాలేమో అన్నాన్నేను. ఆడిటర్ గారు గదిలోంచి బయటికొచ్చి, పదిసార్లు చెయ్యమన్నాడేమోనయ్యా అన్నారు. ఏది తప్పితే ఏమవుతుందోనని స్విచ్చి మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. డాక్టరు గారు పోను మేం మిగిలింది సరిగ్గా పదిమందిమి. అందరం ఆ రౌటరు చుట్టూ నిలబడి, ఆయన ఫోన్ కోసం చూస్తున్నాం.