ఔటర్‌కు ఐదు నిమిషాలే

హైదరాబాద్ శివార్లలోని మా కిష్టారెడ్డిపేటలో దూరాలు రెండు రకాలు: బ్రోషర్ దూరం, బండి దూరం. బ్రోషర్ ప్రకారం ఔటర్ రింగ్ రోడ్డు మా గేటుకు ఐదు నిమిషాలు, గచ్చిబౌలి ఇరవై. ఇంకో పేజీ ఉండుంటే విమానాశ్రయం మా పెరట్లోకి వచ్చేసేది. బండి దూరం మాత్రం ఆకలేసిన రోజున గానీ తెలియదు.

మొన్న ఆదివారం రాత్రి బిర్యానీ ఆర్డర్ పెట్టాను. నలభై నిమిషాలకు ఫోన్ మోగింది.

"సార్, మీ లొకేషన్ చెరువుల సూపిస్తుంది."

"చెరువేంటయ్యా, విల్లా!"

"పిన్ తప్పో, ఇల్లు తప్పో హైడ్రా వచ్చి చెప్పాలె సార్."

2024 సెప్టెంబర్‌లో ఈ ఊళ్లోనే, ప్రభుత్వ భూమిలో కట్టారంటూ అంతస్తుల మీద అంతస్తులున్న భవనాలను ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా పడగొట్టింది. అప్పట్నుంచి ఇలాంటి జోకులకు మా కాలనీలో ఎవరూ నవ్వరు. డాక్యుమెంట్లు ఇంకోసారి తీసి చూసుకుంటారంతే. పక్కనున్న అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశమని గుర్తింపు వచ్చింది. ఏ దేశం నుంచో వచ్చే కొంగకు అక్కడ అడ్రస్ దొరుకుతుంది. బీరంగూడ నుంచి వచ్చే బిర్యానీకి మా ఇల్లు దొరకదు.

చివరికి వచ్చాడు. గేటు దగ్గర పేరు, నంబరు, బండి నంబరు రాయించుకుని, బండి బయట పెట్టించి, నడిపించుకొచ్చారు. బిర్యానీ కన్నా అతనే ఎక్కువ చల్లారినట్టు కనిపించాడు. మంచినీళ్లిచ్చి, చాలా రోజులుగా ఉన్న సందేహం అడిగాను.

"తమ్మీ, మీ పనికి మంచి ఏరియా ఏది?"

ఇదే ప్రశ్న ప్లాట్లమ్మే మా బామ్మర్దిని అడిగితే, తను ఏ వెంచర్ అమ్ముతుంటే అదే మంచి ఏరియా అంటాడు. ఈ కుర్రాడు ఆలోచించి చెప్పాడు.

"తినేటోళ్లున్న ఏరియా కాదు సార్, వండేటోళ్లున్న ఏరియా. బీరంగూడ కమాన్ కాడ నిలబడితే ఆర్డర్ మీద ఆర్డర్ పడ్తది. గని ఆ ఆర్డరే నన్ను మీ దిక్కు తోల్తది. ఈడ దించినంక ఫోను సప్పుడు చెయ్యదు. ఖాళీగ వాపస్ పోవాలె. ఆ పెట్రోల్ నాదే."

"ఔటర్ ఐదు నిమిషాలే కదయ్యా?" నాలోని బ్రోషర్ ఊరుకోలేదు.

"టూవీలర్లను ఔటర్ ఎక్కనియ్యరు సార్."

అవును మరి! 158 కిలోమీటర్ల ఆ రోడ్డు పేరు చెప్పి ఇక్కడ గజం గజం అమ్మారు. మా ఇంటికి అన్నం తెచ్చేవాడికి మాత్రం దాని సర్వీసు రోడ్డే గతి.

"పోనీ పాశమైలారం, ఇస్నాపూర్ దిక్కు? అన్ని ఫ్యాక్టరీలు, అన్ని షిఫ్టులు, అంతమంది జనం..."

"ఆడ ఆకలి మస్తుంటది సార్. ఆర్డర్లే ఉండయ్."

బిహార్, ఒడిశాల నుంచి వచ్చిన కూలీ షిఫ్టు దిగి, గదిలో నలుగురితో కలిసి రొట్టెలు కాల్చుకుంటాడు. ఆ ఆకలికి యాప్ మ్యాపులో రంగు లేదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972 నుంచి జొన్న, సజ్జ, కంది మీద పరిశోధన చేస్తోంది, మెట్టరైతు కడుపు నిండాలని. ఆ సజ్జనే ఇప్పుడు 'మిల్లెట్ బౌల్' పేరుతో మా కాలనీకి బండెక్కి వస్తోంది.

యాప్ ఇతన్ని ఉద్యోగి అనదు, 'భాగస్వామి' అంటుంది. భాగస్వామ్యం అబద్ధమేం కాదు, పెట్రోల్ ఖర్చులో ఇతనికి నూటికి నూరు వాటా. 2020-21లో దేశంలో గిగ్ కార్మికులు 77 లక్షలని, 2029-30కి 2.35 కోట్లవుతారని 2022లో నీతి ఆయోగ్ లెక్కకట్టింది. వాళ్లందరూ మంచి ఏరియా కోసం బయల్దేరితే అన్ని బీరంగూడ కమాన్లు ఎక్కణ్ణుంచి తేవాలి? 2023 డిసెంబర్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం వీళ్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. మంచిదే. పోతే లెక్క ఉంది. క్షేమంగా, ఖాళీగా తిరిగొస్తే దానికి పద్దు లేదు.

"ఇంతకీ నీ రూమెక్కడ?"

"ఇస్నాపూర్ల సార్. లాస్ట్ ఆర్డర్ ఇంటి దిక్కు పడితే సాలు, ఆ దినం అదే మంచి ఏరియా."

గ్లాసు తిరిగిస్తుండగా జేబులో ఫోను మోగింది. నాకే ఎక్కువ సంతోషమేసింది.

"ఏ దిక్కు?"

"మియాపూర్" అని హెల్మెట్ పెట్టుకున్నాడు.