నెట్టింట అఖిలపక్షం

నాన్నది విండోస్, అబ్బాయిది లైనక్స్, అమ్మాయిది మ్యాక్. నెట్ నెమ్మదించగానే ఇంట్లో అఖిలపక్ష సమావేశం! ‘అప్‌డేట్ల పేరుతో నెట్టంతా మింగేస్తున్నది విండోసే’ అని లైనక్స్ పక్షం. ‘ఆ నల్లతెర వెనక ఏం నడుస్తోందో ఎవరికెరుక’ అని విండోస్ పక్షం. మ్యాక్ తటస్థం: అంత ఖరీదైనది తప్పు చేస్తుందా మరి!

అసలు సంగతి వేరు: గిగాబిట్ వేగం రావాలంటే నెట్ కేబుల్‌లోని 8 తీగలూ పనిచేయాలి. అందులో ఒకటి తెగినా వేగం 100 మెగాబిట్లకు జారిపోవచ్చు. మంచంకోడు కింద నలిగిన కేబుల్‌ను వంగి చూసిన పక్షమే లేదు. ఏకగ్రీవ తీర్మానం మాత్రం అయింది: ఇంకా పెద్ద ప్లాన్ వేయించాలని!

కొత్త బిల్లు వచ్చింది. అది మటుకు మూడు సిస్టమ్‌లలోనూ రెప్పపాటులో తెరుచుకుంది!