గోరంకుల్

గృహప్రవేశానికి ఆయన్ని పిలవకుండా ఉండలేం. పిలిచాక మనం స్థిమితంగా ఉండలేం. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా ఏ అపార్ట్‌మెంటులో చూసినా ఇలాంటి పెద్దాయన ఒకరు తగులుతారు. ఎదురుగా ‘అంకుల్’, లిఫ్టు తలుపు మూసుకున్నాక ‘గోరంకుల్’. కుడిచేతి బొటనవేలి గోరు కాస్త పెంచుతారు. అది సోకు కాదు, పనిముట్టు.

వ్రతం అయిపోయి ప్రసాదం తిన్నాక ఆయన చెయ్యి సబ్బుతో కడుక్కుని, జేబురుమాలుతో తుడుచుకుంటారు. నెయ్యి చేత్తో ముట్టుకుంటే అంచు నిజం చెప్పదట. తర్వాత ఇల్లు చూస్తానంటారు. ఇంటాయన ఉత్సాహంగా ఫాల్స్ సీలింగ్ లైట్లన్నీ వేస్తాడు. ఈయన తలెత్తరు. దేవుడి గది తలుపుకు బిగించిన చిరుగంటలు, బాల్కనీలోంచి కనిపించే చెరువు, దేనికీ ఆగరు. తిన్నగా బెడ్‌రూమ్‌లోకి వెళ్లి వార్డ్‌రోబ్ ముందు గొంతుక్కూర్చుంటారు. కంటికి కనిపించే చోట బోర్డు కోసిన అంచును కప్పే పట్టీ ఎవడైనా బాగానే అంటిస్తాడనీ, పనివాడి సంగతి తెలియాలంటే షట్టర్ కింది అంచు చూడాలనీ ఆయన సిద్ధాంతం. గోటిని ఈ మూల నుంచి ఆ మూలకు మెల్లగా జరుపుతారు. ఎక్కడో ఒకచోట ‘టిక్’ మంటుంది. ఆ చప్పుడుకి ఆయన ముఖంలో వెలిగే తృప్తి, అంతకుముందు సత్యనారాయణస్వామి కథ ఐదు అధ్యాయాలు విన్నప్పుడు కూడా కనిపించలేదు.

“అంకుల్, ఇది 710 ప్లై. మూడు రోజులు నీళ్లలో ఉడకబెట్టినా పొరలు విడవవు” అంటాడు ఇంటాయన. మాట నిజమే. ఐఎస్ 710 పరీక్షలో ముక్కను 72 గంటలు మరగబెట్టే చూస్తారు.

“వార్డ్‌రోబ్‌ను నువ్వు ఉడకబెట్టవు కదా నాయనా. ఈ గోడ అవతల బాత్రూమ్ ఉంది. ఆ చెమ్మకి లేచేది ప్లై కాదు, ఈ పట్టీ.”

ఇంటావిడ ఇంటాయన వైపు చూస్తుంది. ఇంటీరియర్ కంట్రాక్టరును కుదిర్చింది ఎవరి తమ్ముడో ఆ క్షణాన అందరికీ గుర్తొస్తుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. రోగం కనిపెట్టడంలో ఆయన పొరపడటం అరుదు. లేచిన పట్టీని ఇంకొంచెం లాగి, దాని వీపు చూస్తారు. జిగురంతా పట్టీతో లేచివచ్చి బోర్డు అంచు ఉత్తగా ఉంటే, రంపపు పొట్టు తుడవకుండా అంటించారన్నమాట. జిగురు బోర్డుకే మిగిలి పట్టీ శుభ్రంగా ఊడివస్తే, పట్టీ వచ్చి తగిలేసరికే జిగురు చల్లారిపోయింది. జిగురు మీద రోలరు వేసిన చారలు చారలుగానే ఉండిపోతే పట్టీ అంటించే మిషన్ సరిగ్గా నొక్కలేదు. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడే ఈవీఏ జిగురు 180, 200 డిగ్రీల వేడిలో కరిగి పనిచేస్తుంది. పొద్దున్నే మిషన్ వేడెక్కకముందే తోసేసిన షట్టర్లన్నీ ఏడాది తిరక్కుండా తన దగ్గరికే వస్తాయని అంకుల్ నమ్మకం.

ఇంట్లోనే కూర్చుని చేయించిన పనైతే ఇంకా ఖుషీ. అక్కడ వాడేది రబ్బరు జిగురు. దాన్ని అంచుకీ పట్టీకీ రెండింటికీ రాసి, వేలికి అంటుకోనంతగా ఆరాక అతికించాలి. పావుగంట పట్టవచ్చు, ముసురు రోజైతే ఇంకాస్త. ఈ పావుగంటే దేశంలో ఎవరి దగ్గరా లేదు. అందుకే ఏ షట్టరు భోజనానికి ముందుదో, ఏది తర్వాతదో గోటితో చెప్పేస్తానంటారాయన. ఆకలి మీదుండి తడిమీదే అంటించిన చోట బుడగలు. జిగురు రాసి వదిలేసి, తిని, కాసేపు ఫోను చూసి వచ్చి అంటించిన చోట అసలు పట్టే లేదు.

మామూలు 18 మిల్లీమీటర్ల బోర్డుకు రెండువైపులా మైకా వేస్తే ఇంచుమించు 20 అవుతుంది, పట్టీ వెడల్పేమో 22. మిగిలిన ఆ కాస్తా మొద్దుబారిన బ్లేడుతో కోసినవాళ్ల పేరెత్తితే ఆయన భాష మారిపోతుంది. ఆ భాష ఇక్కడ రాయను.

ఆ పట్టీ అంటించినవాడు మాత్రం ఆయనకు ఎప్పుడూ దొరకడు. హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లలో రాజస్థాన్ నుంచి వచ్చిన కుర్రాళ్లు చాలామంది. అంకుల్‌కు హిందీ రాదనలేం, ఆయనకు వచ్చిన హిందీ వాళ్లకు రాదు. “భయ్యా, యే పట్టీ కౌన్ చిప్కాయా?” అని నిలదీస్తారు. “వో లడ్కా గావ్ చలా గయా సాబ్” అంటారు వాళ్లు. నగరంలో సరిగ్గా అంటని ప్రతి పట్టీనీ అంటించింది ఊరెళ్లిపోయిన ఆ ఒక్క కుర్రాడే.

రోగం చెప్పి ఊరుకుంటే సహించవచ్చు. వైద్యం కూడా చేస్తారు. శనివారం పొద్దున్నే ఇస్త్రీ పెట్టె చంకన పెట్టుకుని బెల్లు కొడతారు. “నూలు మీద వద్దమ్మా, పట్టు మీద పెట్టు. వేడెక్కువైతే పీవీసీ ముడుచుకుపోతుంది” అంటూ, పట్టీ మీద పాత పంచె ముక్క పరిచి నెమ్మదిగా రాస్తారు. లోపల జిగురు మెత్తబడగానే చెక్కముక్కతో అదిమి పడతారు. అసలు ప్రమాదం ఇక్కడుంది. చల్లారేదాకా వదలకూడదు, వదిలితే మళ్లీ లేస్తుంది. చెక్కకు రెండో కొస పట్టుకున్నది ఇంటాయన. ఇక తప్పించుకునే దారి లేదు. ఒక్కో మూల చల్లారేలోపు అంకుల్ సర్వీసులో ఒక బదిలీ, ఒక ఆగిపోయిన ప్రమోషను వినాలి. తనకంటే ముందు ఎవరైనా చిన్న ట్యూబు జిగురు పోసి ఉంటే మాత్రం కథలుండవు. అంచు పొడుగునా పొగపట్టినట్టు మిగిలిన తెల్లటి మరకను చూపించి, “ఇది వైద్యం కాదు, హత్య” అంటారు.

సింకు కింద పార్టికల్ బోర్డు ఉబ్బిపోయిన ఇళ్లలో ఇస్త్రీ పెట్టె వైరు కూడా విప్పరు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఇంటివాళ్లతో రెండు మంచి మాటలు మాట్లాడి వచ్చేస్తారు.

“ఏవండీ, మన బట్టలు వీధి చివర బండి మీద, మన పెట్టె ఊళ్లోవాళ్ల బీరువాల మీద. ఇదెక్కడి న్యాయం?” అని ఆంటీ అడుగుతూనే ఉంటుంది. ఆవిడ బాధ వేరే ఉంది. వాళ్లింట్లో సామానంతా పుట్టింటి నుంచి వచ్చిన టేకు. అంచులకు చెక్క బీడింగే తప్ప పట్టీ అన్నది లేదు. ఊడదు, లేవదు, ఉబ్బదు. గోరు ఆనించడానికి సందులేని ఇంట్లో రిటైరైన మగవాడు ఎంతసేపని కూర్చుంటాడు?

ఈమధ్య మేనల్లుడి పెళ్లిచూపులకు పెద్దమనిషిగా తీసుకెళ్లారు. అమ్మాయి కాఫీలు తెచ్చేసరికి ఈయన సోఫాలో లేరు, టీవీ యూనిట్ పక్కన వంగి ఉన్నారు. గోరు జరిగింది. చప్పుడు లేదు. మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లారు. స్టవ్వు పక్క షట్టర్, దాని కింది అంచు, సింకు తలుపు వెనక. ఎక్కడా ‘టిక్’ మనలేదు. చెమటలు పట్టాయి. ఆడపిల్ల తండ్రిని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, “బావగారూ, ఇస్త్రీ పెట్టె ఉంటుందా?” అన్నారు. చొక్కా నలిగిందేమో అనుకుని పాపం ఆయన తెచ్చిచ్చాడు. సింకు తలుపు వెనక మూలన గుడ్డ వేసి, కాసేపు కాచి, గోటితో లేపబోయారు. కదల్లేదు. అది పీయూఆర్ జిగురు. గాలిలో చెమ్మ పీల్చి ఒకసారి గట్టిపడితే ఇస్త్రీ వేడికి లొంగే రకం కాదు.

కారెక్కాక అక్కగారు ఉండబట్టలేక అడిగింది: “ఏరా, అమ్మాయి ఎలా ఉంది?”

“అమ్మాయిని నేను సరిగ్గా చూడలేదక్కా. సింకు తలుపుకు వెనకవైపు కూడా పీయూఆర్ వేయించారు. కళ్లు మూసుకుని చేసుకోవచ్చు.”

తాంబూలాలు వచ్చే శుక్రవారం.