నేరం దుమ్ముదే!

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమం కింద గాలి చెడిన ఊళ్ల జాబితా తీశారు. మన రాష్ట్రం నుంచి 13 ఊళ్లు చేరితే, అందులో కర్నూలు, కడప రెండూ ఉన్నాయి. కరువు మండలాల జాబితాకే అలవాటుపడ్డ సీమకు ఇదీ ఒక గౌరవమే!

మరి దోషి ఎవరు? అడగడమే ఆలస్యం, "దుమ్మప్పా, దుమ్ము! మన నేలే అంత" అంటారు. దుమ్మంత అనుకూలమైన నేరస్తుడు ఇంకొకడు దొరకడు. దానికి యజమాని లేడు, నంబరు ప్లేటు లేదు, యూనియన్ లేదు, ఓటు అసలే లేదు. ఎర్రగుంట్ల సిమెంటు లారీ, బేతంచెర్ల నాపరాళ్ల లారీ దాన్ని తొక్కుకుంటూ పోయినా, నేరం లేచినదానిదే. లేపినవాడిది కాదు.

శిక్షా సిద్ధం: ఊడ్చే యంత్రం, నీళ్లు చల్లే ట్యాంకరు. ఈ కార్యక్రమం సొమ్ములో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయిందని, వాహనాల పొగకు దక్కింది 13 శాతం లోపేనని 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్క తేల్చింది. మనకైతే బిందెలు వరస కట్టిన వీధిలోనే రోడ్డుకు స్నానం! మే ఎండకు ఆ తడి ట్యాంకరు మలుపు తిరిగేలోపే ఆరిపోతుంది. ట్యాంకరు వదిలిన డీజిల్ పొగ మాత్రం అక్కడే ఉంటుంది.

దుమ్ము మీద ఎందుకింత మోజు? ఈ కార్యక్రమంలో ఊళ్లకు మార్కులు వేసేది 10 మైక్రాన్ల లోపు ధూళి తూకాన్ని బట్టి. మట్టిని ఊడిస్తే తూకం ఇట్టే తగ్గుతుంది. డీజిల్ మసి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. తక్కెడలో తేలిపోతుంది, ఊపిరితిత్తుల్లో దిగబడుతుంది. కార్బన్ డయాక్సైడ్ అయితే ఈ తక్కెడ ఎక్కనే ఎక్కదు. ఎండలు ముదిరితే ఆ పద్దు మన తలరాత కింద రాసుకుంటాం.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారా? అది నిలబెట్టిన బండికిచ్చేది, బరువుతో ఘాటెక్కే బండికి కాదు. పెళ్లిచూపుల్లో కూర్చున్నంతసేపు ఎవరైనా బుద్ధిమంతులే.

దుమ్ము అమాయకమని నేననను. కానీ ఈ మట్టి మన తాతల నాటిది, దాన్ని రాత్రింబగళ్లు లేపుతున్న చక్రాలే కొత్తవి. లారీల సరుకు మీద టార్పాలిన్ పట్టాలు కట్టించండి, రోడ్డు అంచులు గట్టి చేయండి, ఊళ్లో బస్సులు పెంచండి అని అడిగి చూడండి. వెంటనే ఇంకో ట్యాంకరు వస్తుంది. నీళ్లు రోడ్డుకు, దుమ్ము మన కళ్లకు.