నిప్పును కొలిచే శాఖ

మా పక్క క్వార్టరు మాస్టారు హిందీ పంతులుగా చేసి రిటైరయ్యారు. అచ్చమైన ఛత్తీస్‌గఢీ మనిషి. ఒకసారి విశాఖ నుంచి మా మేనల్లుడు తెచ్చిన తెలుగు పేపరు నా చేతిలో చూసి, ఏముందో చదివి చెప్పమన్నారు. "అగ్నిమాపక శాఖ సర్వసన్నద్ధం" అని పైనున్న హెడ్డింగు చదివాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "అగ్ని-మాపక్? అంటే మీ వైపు నిప్పును కొలవడానికి ఒక డిపార్టుమెంటు ఉందన్నమాట!" అన్నారు.

తప్పు ఆయనది కాదు. హిందీలో మాపక్ అంటే కొలిచేది. మనకేమో మాపడం అంటే చెరిపేయడం, లేకుండా చేయడం. ఇదంతా విడమరిచి చెప్పి, వాళ్ల అగ్నిశమన్ కన్నా మన మాటే ఘనమని వాదించి, టీ తాగించి పంపాను. ఆ తర్వాత ఇన్నేళ్లు ఈ ఊళ్లోనూ మన ఊళ్లలోనూ నిప్పు పేరున జరిగే కొలువు చూశాక ఒప్పుకుంటున్నాను. మాస్టారు చేసిన అనువాదమే ఒరిజినల్.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మా తాత పలాస దగ్గరి పల్లె నుంచి గ్యాంగుమన్‌గా వచ్చాడు. 1931లో విజయనగరం-రాయపూర్ లైను కలిశాక చుట్టాల రాకపోకలు సుళువయ్యాయి, ఇక వెనక్కి వెళ్లే మాటే రాలేదు. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి మా ఊరే హెడ్‌క్వార్టర్స్ అయింది. కోర్బా గనుల బొగ్గు మా యార్డు మీంచే దేశానికి పోతుంది. ఆ బొగ్గు ఎవరి పర్మిషనూ అడగదు, అగ్గిపుల్లా అడగదు. గాలి తగిలి లోలోపల తనంతట తనే రాజుకుంటుంది. మే నెలాఖర్లో వచ్చే నౌతపా తొమ్మిది రోజులూ గుమ్మం గొళ్లెం పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇక నిప్పుకు లోటేముంది? దాన్ని కొలిచేవాళ్లకూ లోటు లేదు.

కొలత మొదలయ్యేది ఎర్ర బకెట్టుతో. దానికీ ఒక ఐఎస్ నంబరుంది, 2546. తొమ్మిది లీటర్లు పట్టాలి, అడుగు గుండ్రంగా ఉండాలి. నేల మీద నిలబడితే ఎవరో ఇంటికి పట్టుకుపోయి నీళ్లు పట్టుకుంటారని అలా చేశారంటారు. దొంగ బుద్ధిని ఇంత లోతుగా చదివిన బుర్ర నిప్పు బుద్ధినీ ఒకింత చదివి ఉంటే బాగుండేది. నేను పని మీద తరచు వెళ్లే ఒకానొక ఆఫీసు వరండాలో కొక్కేలు ఆరు, బకెట్లు నాలుగు. నాలుగో బకెట్టులోకి తొంగి చూశాను. ఇసక గడ్డకట్టి సిమెంటైపోయింది. దాని మీద రెండు గుడాఖు పొగాకు డబ్బాలు, బీడీ ముక్కలు, పల్లీ తొక్కలు. ఓ మూల ఎక్కడి నుంచి వచ్చి పడిందో వేపగింజ, మొలిచి మూడాకులు వేసింది. ఆ వారమే తనిఖీకి వచ్చినాయన బకెట్లు లెక్కపెట్టి "నాలుగు" అని రాసుకుపోయాడు. వేపమొక్కను రాసుకోలేదు. ఫారంలో దానికి గడి లేదు. మిగతా రెండు కొక్కేల సంగతి అడిగితే, ఫారం అడిగింది బకెట్లనే తప్ప కొక్కేలను కాదన్నాడు.

బకెట్ల పక్కనే గోడకు సిలిండరు, దాని మెడలో తాళిబొట్టులా ఓ కార్డు. మూడు నెలలకోసారి ఎవరో వచ్చి పరీక్ష చేసినట్టు తేదీ, సంతకం. నేను చూసింది జూన్‌లో. మార్చి సంతకం ఉంది, జూన్‌ది ఉంది, సెప్టెంబరుది ఉంది, డిసెంబరుది కూడా ఉంది. ఒకే పెన్ను, ఒకే వాలు. గుమాస్తాను అడిగితే, సంతకం పెట్టే పెద్దాయన జూలైలో రిటైరవుతున్నారని, వెళ్లేలోగా పెండింగు ఏమీ ఉంచకూడదనుకున్నారని చెప్పాడు. ఇంతటి కార్యశూరుడికి సన్మానం చేయాల్సిందే. సిలిండరులోని పొడి గడ్డకట్టిందో లేదో మాత్రం ఆయన సంతకానికీ తెలీదు, నాకూ తెలీదు. సెప్టెంబరులో ఎలా ఉండబోతోందో మాత్రం కార్డుకు తెలుసు. బాగుంటుంది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. ఉత్సవం అన్నాక ముఖ్య అతిథి, ముఖ్య అతిథి అన్నాక ఆలస్యం. పదకొండింటికి అంటుకోవాల్సిన నిప్పు పన్నెండు పది దాకా ఆయన కోసం కాచుకుంది. సగానికి కోసిన ఇనప డ్రమ్ము, అందులో కిరసనాయిలు గుడ్డలు, పక్కన అగ్గిపెట్టె పట్టుకున్న అటెండరు. క్షతగాత్రుడి వేషానికి సెక్షన్లో అందరికన్నా బక్కపలచటి గుమాస్తాను ఎంపిక చేశారు, స్ట్రెచరు మోసేవాళ్ల కోరిక మీద. పూలదండ పడింది, అగ్గిపుల్ల గీశారు, ఈలలు మోగాయి, ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చింది. ఎక్కడి నుంచి? మలుపు అవతలి రావిచెట్టు కింది నుంచి. పొద్దున్న తొమ్మిదింటి నుంచీ అది అక్కడే ఉంది, డ్రైవరు నాతోనే టీ తాగాడు. మైకులో మాత్రం "రెస్పాన్స్ టైం రెండున్నర నిమిషాలు" అని చప్పట్లు కొట్టించారు. డ్రమ్ములో మంట ఆరింది, సమోసాలు వచ్చాయి, బక్క గుమాస్తా స్ట్రెచరు దిగి రెండు తిన్నాడు.

ఈ వారం ఎందుకు పెట్టారో ఆ మైకు చెప్పలేదు గనక నేను చెబుతాను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ. లోపల పత్తి బేళ్లు, వాటితోపాటే దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి. మధ్యాహ్నం పొగ కనిపించింది. ఓడను అక్కడే ముంచాలా, రేవు బయటికి లాగాలా అన్నది పెద్దలు తేల్చుకోలేకపోయారు. ఒకరి అధికారం ఇంకొకరికి అడ్డు. వాళ్లు తేల్చుకునేదాకా ఫైర్‌మెన్ డెక్కు మీద నిలబడి నీళ్లు కొడుతూనే ఉన్నారు. నాలుగు గంటల ఆరు నిమిషాలకు ఓడ పేలింది. 66 మంది ఫైర్‌మెన్ పోయారు. పైవాళ్లు ఆర్డరు తేల్చనందుకు కిందివాళ్లు కాలిపోయిన రోజు అది. దాని జ్ఞాపకంగా మనం పైవాళ్లకు దండలేస్తున్నాం.

తేల్చుకోలేకపోవడం అంటే గుర్తొచ్చింది. మా ఊళ్లో తార్‌బాహర్ అనే పేట ఉంది. తార్ బాహర్, అంటే తీగ బయట. తీగకు లోపల రైల్వే, అంటే ఢిల్లీ. బయట నగర నిగమ్, అంటే ఊరు. రాజ్యాంగంలో 243-డబ్ల్యూ అధికరణం కింద పన్నెండో షెడ్యూలు ఏడో అంశంగా అగ్నిమాపక సేవలు మున్సిపాలిటీల జాబితాలో ఉన్నాయి. ఇక్కడ ఫైరింజన్లు తర్వాత హోంగార్డులను నడిపే నగర సేన కిందికి వచ్చాయి. ఆ శాఖ పేరు నగర సేన, అగ్నిశమన, అత్యవసర సేవలు. ఆ పేరు పలికేలోపు గడ్డివాము అంటుకుంటుంది. మూడు యాజమాన్యాలు కలిసిన ఊళ్లో నిప్పు మొదట నేర్చుకోవాల్సిన పాఠం సరిహద్దు. ఆకులు తీగకు ఇటు రాలాయా, అటు రాలాయా? గాలి ఎటు వీస్తోంది? వీచే గాలి రాష్ట్రానిదా, కేంద్రానిదా? రోమ్‌లో క్రాసస్ అనే కోటీశ్వరుడు కాలుతున్న ఇళ్లను, వాటి పక్కిళ్లను కారుచవగ్గా కొనేసేవాడని ప్లుటార్క్ రాశాడు. నీచుడే, కాదనను. కానీ ఈ ఇల్లు ఎవరిదన్న ప్రశ్నను మాత్రం అక్కడికక్కడే తేల్చేసేవాడు.

మన తెలుగు రాష్ట్రాలేం తక్కువ తినలేదు. అక్కడ కొలత మీటర్లలో. 1999 నాటి చట్టం ప్రకారం నివాస భవనమైతే 18 మీటర్లు, వాణిజ్య భవనమైతే 15 మీటర్లు దాటితే ఫైర్ ఎన్ఓసీ. కనక ప్లాను గీసేవాడు 14 మీటర్ల 90 సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్ ఎత్తేస్తాడు. ఆ పది సెంటీమీటర్ల తేడా నిప్పుకు తెలిసి వెనక్కి పోతుందని అందరి నమ్మకం. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబరులో రూబీ హోటల్, 2023 జనవరిలో దక్కన్ మాల్, మార్చిలో స్వప్నలోక్. ఆరు నెలల్లో మూడు. రూబీలో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి, ఎనిమిది ప్రాణాలు. స్వప్నలోక్‌లో ఆరుగురు, అందరూ పాతికేళ్లు అటూఇటూ పిల్లలు. ప్రతిసారీ తనిఖీల మాట వచ్చింది, వారం రోజుల పాటు మెట్ల కింద అట్టపెట్టెల ఫొటోలు వచ్చాయి, ఆ తర్వాత అట్టపెట్టెలు మళ్లీ మెట్ల కిందికి వచ్చాయి. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో 17 మంది పోయారు. అది రెండంతస్తుల పాత ఇల్లు, ఇరుకు దారి. ఏ మీటరు కర్రకూ అందనిది. పొగకు ఎత్తుతో పనేముంది? దానికి కావాల్సింది మూసుకున్న దారి.

రైళ్లలోనూ అంతే. 2008లో కేసముద్రం దగ్గర గౌతమి, 2012లో నెల్లూరులో తమిళనాడు ఎక్స్‌ప్రెస్, ఒక్కొక్కదాంట్లో ముప్పై మందికి పైగా. 2024 ఆగస్టు 4న మా ఊరి మీదుగా వెళ్లే కోర్బా-విశాఖ ఎక్స్‌ప్రెస్ విశాఖ స్టేషన్లో నిలబడి ఉండగా మూడు ఏసీ పెట్టెలు కాలాయి. అప్పటికి జనం దిగిపోవడం అదృష్టం. ఆ ఉదయం మా కాలనీ అంతా ఫోన్లు పట్టుకునే కూర్చుంది. ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఏదో ఒక వారం ఆ బండి ఎక్కుతారు.

ఇన్ని కొలిచే దేశం తన్ను తాను కొలుచుకోలేదా అంటే, ఆ నింద వేయకూడదు. కేంద్ర హోంశాఖ కోసం ఆర్ఎంఎస్ఐ సంస్థ పదిహేనేళ్ల నాడే లెక్క తీసింది. దేశానికి 8,559 ఫైర్ స్టేషన్లు కావాలి, అప్పటికి ఉన్నవి 2,987. నూటికి అరవై అయిదు లేవు. లేనివాటిని ఇంత కచ్చితంగా లెక్కపెట్టడం మామూలు సంగతి కాదు. 2023లో 5,000 కోట్ల రూపాయల పథకమూ ప్రకటించారు. డబ్బు ఎక్కడిదాకా వచ్చిందో గానీ వారోత్సవాల ఫ్లెక్సీల సైజు మాత్రం పెరిగింది. నాకు ఫైర్‌మెన్ మీద కోపం లేదని చెప్పాలా? పాత బూట్లతో, నిద్రలేని కళ్లతో, అందరూ బయటికి పరిగెత్తే ఇంట్లోకి లోపలికి పరిగెత్తే ఉద్యోగం వాళ్లది. ఆ బూట్ల అరిగిన అడుగుల్ని కొలిచే గడి ఏ ఫారంలోనూ చూడలేదు.

ఇక మా లైనులో జరిగింది. మే నెల, మధ్యాహ్నం మూడు. క్వార్టర్ల వెనక ఎండుటాకుల కుప్ప అంటుకుంది. ఎవరో బీడీ పడేసి ఉంటారు. పక్కనే పాత స్లీపరు చెక్కలు, వాటిని ఆనుకుని ఒకరి వంటింటి కిటికీ. నేను ఫోను తిప్పాను. ఎత్తిన గొంతు ఏ శాఖదో చెప్పను. అది నిప్పు ఎంత ఉందని అడగలేదు. "తీగకు లోపలా, బయటా?" అని అడిగింది. లోపలే, కానీ పొగ బయటికి పోతోంది అన్నాను. "అయితే అటువైపు నంబరుకు కూడా ఒక మాట చెప్పండి" అంది. అటువైపు నంబరు ఇటువైపు నంబరు ఇచ్చింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడు నయం, వాడు కనీసం మంట దాకా వచ్చాడు.

నేను నంబర్లు మారుస్తుండగానే మూడో ఇంటి పిన్ని కొంగు నడుముకు దోపి తన కూలరు వెనక తలుపు ఊడబీకింది. మా ఊళ్లో వేసవిలో ప్రతి ఇంటి కిటికీకీ ఒక కూలరు, దాని కడుపు నిండా నీళ్లు. మగ్గులు, బిందెలు, పిల్లల టిఫిను డబ్బాలు కూడా వచ్చాయి. అయిదు కూలర్లు ఖాళీ అయ్యేసరికి మంట చచ్చింది. కిటికీ చెక్క ఒక పక్క నల్లబడింది, అంతే. ఆ రాత్రి లైను మొత్తం చెమటలో నిద్రపోయింది, అది వేరే సంగతి.

తర్వాత నలభై నిమిషాలకు ఫైరింజను వచ్చింది. దిగిన కుర్రాడి చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. పొద్దున్నుంచి ఇది నాలుగోదట, రెండు చోట్లకు దారి తప్పారట. పిన్ని కుండలోంచి నీళ్లు ముంచి ఇస్తే, "దాయీ, ఇంకో లోటా" అని అడిగి తాగాడు. అలా తాగాక జేబులోంచి ఫారం తీశాడు. కాలిన విస్తీర్ణం ఎంత, నష్టం అంచనా ఎంత, మంట అదుపులోకి రావడానికి పట్టిన సమయం ఎంత, వాడిన నీళ్లు ఎన్ని లీటర్లు. టేపు లేదు. పిన్ని చీర కుచ్చెళ్లు ఎత్తి బూడిద మీదుగా అడుగులు వేసి, చేతులు చాపి కొలిచి, "రెండు బారలు, ఒక మూర" అంది. పక్క క్వార్టరు మాస్టారు ముసిముసిగా నవ్వుతూ దాన్ని మీటర్లలోకి మార్చి చెప్పారు. కుర్రాడు బుద్ధిగా రాసుకున్నాడు.

ఆఖరి గడిలో ఫైరింజను ట్యాంకు లెక్క ఒకటి నింపి, నా సంతకం కోసం ఫారం ఇటు తిప్పాడు. పిన్ని నా భుజం మీంచి తొంగి చూసింది.

"ఒరే నాన్నా, అందులో మా కూలరు నీళ్లు రాసినాడేటి?"