మడమ అరగని బూటు

నేను ఎడమకాలి బూటును. సూళ్లూరుపేట బజారులో నన్నూ నా జోడునూ ఒకే పెట్టెలోంచి తీసి, తడలోని ఓ ఆరేళ్ల పిల్లాడికి తొడిగారు. కొన్ని నెలలకే కుడిది మడమ దగ్గర అరిగింది. నాకు మాత్రం ముందు బొటనవేలి దగ్గర చిల్లు పడింది. మడమేమో కొట్లో ఉన్నట్టే నిగనిగలాడుతోంది.

వాడు ఎడమకాలు మునివేళ్ల మీదే వేసేవాడు. పుట్టేటప్పుడు మెదడుకు తగిలిన దెబ్బ, సెరిబ్రల్ పాల్సీ. పిక్క కండరం బిగిసి మడమను పైకి లాగేసేది. "కాలు పూర్తిగా ఆనించు నాయనా" అని వాళ్లమ్మ బతిమాలేది. ఆనించడం వాడి వశంలో లేదని నాకు తెలుసు. ఆ బిగువంతా నా లోపలే కదా!

రైలెక్కి చెన్నైలో ఆస్పత్రికి వెళ్లాం. నన్ను విప్పి మంచం కింద పెట్టారు. చల్లని పెట్టెలోంచి చిన్న సీసా తీసి, సెలైన్ కలిపి, అల్ట్రాసౌండ్‌లో కండరం చూస్తూ పిక్కకు సూది వేశారు.

"ఇది విషమంట కదా సార్?" అమ్మ గొంతు వణికింది.

"విషమేనమ్మా, బొటులినం. చెడిన సాసేజ్‌లు తిని చచ్చుబడిపోయిన వాళ్లను చూసిన జర్మనీ వైద్యుడు కెర్నర్, కొద్ది మోతాదులో ఇదే మందవుతుందని 1820లలోనే ఊహించాడు. 1980లో అమెరికాలో అలన్ స్కాట్ మెల్లకన్నుకు వాడి ఫలితం చూపాడు. 1993లో కోమన్ బృందం ఇలాంటి పిల్లల్లో ఫలితాలు ప్రచురించింది. బిగుసుకొమ్మని నరం కండరానికి పంపే కబురును ఇది ఆపుతుంది. మెదడును మాత్రం బాగుచేయదు. మూడు నాలుగు నెలలు వదులు ఇస్తుంది. ఆ నెలలు మీ చేతిలో ఉన్నాయి."

వారం తిరిగేసరికి పిక్క మెత్తబడింది. స్ప్లింట్ పట్టాలని నా లోపలి అట్ట తీసేశారు. పొద్దునా సాయంత్రం అరుగు మీద వాడి మడమను అరచేతిలో పట్టి, పాదాన్ని పైకి వంచి, అమ్మ అంకెలు లెక్కపెట్టేది. వాడు ఏడ్చిన రోజు కథ చెబుతూ లెక్కపెట్టింది. సూది వేసింది ఒక్క రోజే; మిగతా రోజులన్నీ ఆమెవే.

నాలుగో నెల దాటింది. పిక్క మళ్లీ కాస్త బిగుస్తోంది, చెన్నై వెళ్లాలి. మొన్న భీమునివారిపాలెంలో ఫ్లెమింగోలను చూసొచ్చాక, పులికాట్ బురద గీకుదామని అమ్మ నన్ను బోర్లించింది. మడమ దగ్గర ఆమె వేలు ఆగింది. కుడిదాన్ని తెచ్చి నా పక్కన పెట్టి చూసింది.

దానంత అరగలేదు. కానీ అరిగాను.