సర్వీసుకూ బయానా!

నల్లగొండలోనో పాలమూరులోనో కొత్త కారు తాళం చేతికి రాకముందే ఇంకో కాగితం వస్తుంది: ‘మెయింటెనెన్స్ ప్యాకేజీ తీసుకోండి సార్, ఐదేళ్లు నిశ్చింత!’

పత్తి పైసలు జేబులో వెచ్చగా ఉన్నప్పుడు నిశ్చింత ఎవరికి చేదు? మారుతి కార్లకు మొదటి మూడు సర్వీసుల కూలి ఎలాగూ ఉచితమే. ఆయిల్, ఫిల్టర్ల ఖర్చే మనది. టైర్లు, బ్యాటరీ మామూలుగా ప్యాకేజీలో ఉండవు. మన రోడ్లు తినేది టైర్లనే!

బయట బాగుచేయిస్తే వారంటీ పోతుందన్న బెదిరింపు ఇంకోటి (జడ్చర్ల మెకానిక్ ముట్టుకుంటే కారు మైలపడుతుంది కాబోలు). ఇలాంటి బయటి మెకానిక్‌లకు విడిభాగాలు దొరకనివ్వనందుకే 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు రూ.2,545 కోట్ల జరిమానా వేసింది.

రోజూ హైదరాబాద్ తిరిగేవాళ్లు లెక్క వేసుకోవచ్చు. పెళ్లిళ్లకూ యాదగిరిగుట్టకూ మాత్రమే కదిలే కారు సంగతి? ‘మధ్యలో అమ్మేస్తే మిగిలిన పైసలు వాపసిస్తరా?’ అని అడిగితే సేల్స్ బాబు వెంటనే చాయ్ చెప్పిస్తాడు.